వాచీలో ఆవిరి పట్టింది, వారంటీ వర్తించదంటున్నారు

ప్రశ్న: మా అక్క 14 నెలల క్రితం నాకు ఆటోమేటిక్ వాచీ కొనిచ్చింది. రెండేళ్ల వారంటీ ఉంది. వెనక మూత మీద 50 మీటర్లని చెక్కి ఉంది. మూడు నెలలుగా అది రోజుకు ఆరేడు నిమిషాలు ముందుకు పోతోంది. ఎప్పటికప్పుడు సరిచేసుకుంటూ నెట్టుకొచ్చాను. పోయిన వారం అద్దం లోపల ఆవిరి పట్టింది, రెండు రోజులైనా పోలేదు. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే కౌంటర్‌లో ఉన్నామె అద్దం వంక చూసి, ‘లోపలికి నీళ్లు పోయాయి, వారంటీ వర్తించదు’ అని ఖర్చు అంచనా కాగితం చేతిలో పెట్టింది. కొత్త వాచీ ధరలో దాదాపు సగం! అమ్మిన దుకాణం వాళ్లేమో అది కంపెనీ చూసుకోవాలంటున్నారు. వారంటీ కార్డు మీద వాళ్లు తేదీ కూడా వేయలేదని ఇప్పుడే గమనించాను. మా వీధిలో వాచీలు బాగుచేసే పెద్దాయన మూత తీసి ఆరబెట్టి ఇస్తానంటున్నారు. ఆయనకు ఇవ్వనా, అడిగిన డబ్బు కట్టనా, వాళ్లతో గొడవకు దిగనా?

సమాధానం: మూడింటిలో ఏదీ ఇప్పుడే చేయకండి. ముందు ఆ వాచీని చేతి నుంచి తీసి, పొడిగా ఉన్న చోట కదలకుండా పెట్టండి. ఆటోమేటిక్ వాచీ చేయి కదిలినంతసేపూ తనకు తానే కీ ఎక్కించుకుంటుంది. లోపల తడి ఉండగా యంత్రం నడవడం మంచిది కాదు. కదిలించకుండా ఉంచితే మామూలు వాచీ 40 గంటలకు అటూ ఇటూగా ఆగిపోతుంది, ఆగనివ్వండి. టైము సరిచేసే పక్క కీని బయటికి లాగకండి. ఎండలో పెట్టకండి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడిగాలి అసలే కొట్టకండి. వేడి తగిలితే అద్దం మీద మసక పోతుంది, నిజమే. కానీ ఆ తేమ ఎక్కడికీ పోదు, చల్లబడగానే డయల్ మీదా చక్రాల మీదా కూర్చుంటుంది. చలిలోంచి వెచ్చటి గదిలోకి వచ్చినప్పుడు అద్దం కాసేపు మసకబారి కొద్ది నిమిషాల్లో తేటపడితే కంగారు పడనక్కర్లేదు. మీ వాచీలో రెండు రోజులు నిలిచిందంటే లోపల నీరు ఉన్నట్టే. ఉక్కు భాగాలకు తుప్పు పట్టడానికి నెలలు పట్టదు. కాబట్టి ఈ కింద చెప్పేదంతా చదివి వచ్చే నెల చూద్దాంలే అనుకోకండి, రేపే వెళ్లండి.

పెద్దాయన సంగతి ముందు తేల్చేద్దాం. ఆయన పనితనం మీద నాకు అనుమానం లేదు. సర్వీస్ సెంటర్ వెనక గదిలో కూర్చున్నవారికంటే ఆయన చేయి మెరుగైనదే కావచ్చు. కానీ వారంటీ పనితనం చూడదు, మూత ఎవరు తీశారో చూస్తుంది. కంపెనీ అనుమతి లేనివారు వాచీ తెరిస్తే వారంటీ చెల్లదన్న వాక్యం దాదాపు ప్రతి కార్డులోనూ ఉంటుంది. తీసినట్టు వాళ్లకెలా తెలుస్తుందిలే అనుకుంటారేమో, తెలుస్తుంది. మూత గాడుల దగ్గర పనిముట్టు జారిన గీత, లోపలి రబ్బరు వాషరు నలిగిన తీరు చాలు. పైగా పాతకాలపు పనివాళ్లకు మూత లోపలి వైపున తేదీనీ తమ గుర్తునూ సన్నగా గీసే అలవాటు ఉంది. తర్వాత విప్పేవారికి తెలియాలని అది నిజాయితీగా పెట్టే గుర్తు. మీకు మాత్రం అదే ఎదురు సాక్ష్యమవుతుంది. వారంటీ ఆశ పూర్తిగా తెగిపోతే ఆయన దగ్గరికే వెళ్లండి, నేనే వెళ్లమంటాను. అప్పటిదాకా మూత కదలకూడదు.

ఇక అసలు విషయం. కౌంటర్‌లో మీరు విన్న ‘నీళ్లు పోయాయి’ అన్నది కారణం కాదు, లక్షణం. అది మీకూ తెలుసు, అద్దంలో కనబడుతూనే ఉంది. నీళ్లు ఎటునుంచి పోయాయి, ఎందుకు పోయాయి అన్నదే ప్రశ్న, దానికి వాళ్లు జవాబు చెప్పలేదు. తయారీలో, బిగింపులో, వాడిన సరుకులో లోపముంటే కంపెనీ ఉచితంగా బాగుచేస్తుందని వారంటీ చెబుతుంది. వాడినవారి పొరపాటుకూ దెబ్బలకూ పూచీ లేదంటుంది. నీళ్లు దిగడం ఈ రెండింటిలో దేనివల్లయినా జరగవచ్చు. కీ సరిగా నొక్కకుండా చేతులు కడుక్కున్నా దిగుతాయి. మూత కింద వాషరు మడతపడి బిగిసినా దిగుతాయి. కౌంటర్ అవతల నిలబడి అద్దం చూసి ఈ రెండింటికీ తేడా చెప్పడం ఎవరితరమూ కాదు.

తేడా చెప్పగలిగే సాధనం మాత్రం చాలా సర్వీస్ సెంటర్లలో ఉంటుంది. నీళ్లతో పనిలేని పీడన పరీక్ష అది. చిన్న గదిలాంటి పెట్టెలో వాచీని పెట్టి, అద్దానికి సన్నని సూదిమొన లాంటిదాన్ని ఆనించి మూత వేస్తారు. లోపల గాలి పీడనం పెంచుతారు, లేదా గాలిని లాగేస్తారు. వాచీ ఎంత గట్టిదైనా ఆ పీడనానికి అద్దం మైక్రాన్ల లెక్కన లోపలికి నొక్కుకుంటుంది, గాలి లాగేస్తే బయటికి ఉబ్బుతుంది. వాచీ గాలి చొరనిదైతే అద్దం అలాగే నిలుస్తుంది. ఎక్కడో సందు ఉంటే గాలి దూరి రెండువైపులా పీడనం సమానమై, అద్దం మెల్లగా పాత స్థితికి వచ్చేస్తుంది. యంత్రం ఆ కదలికను కొలిచి పాస్ అనో ఫెయిల్ అనో చెబుతుంది, చాలా యంత్రాలు ఫలితాన్ని కాగితం మీద అచ్చు కూడా వేస్తాయి. అంతా కలిపి కొద్ది నిమిషాల పని.

మీరు పట్టుబట్టాల్సింది ఆ పరీక్ష కోసమే. అదీ మూత తీయకముందు చేయించాలి. మూత తీశాక వాషరు చెదురుతుంది, కొత్తది వేశాక వాచీ ఎలాగూ పరీక్ష నెగ్గుతుంది. పాత లోపానికి ఆనవాలు మిగలదు. మూత తీయకముందే వాచీ ఫెయిల్ అయిందనుకోండి, అద్దం అంచున పగులు గానీ కీ మీద దెబ్బ గానీ లేదనుకోండి, అప్పుడు 14 నెలల వాచీలో సందు ఎలా వచ్చిందో చెప్పాల్సిన బాధ్యత వాళ్లది. అదే వాచీ పాస్ అయితే నీళ్లు కీ బయటికి ఉన్నప్పుడు దిగి ఉండవచ్చన్న వాళ్ల వాదనకు బలం వస్తుంది. ఆ మాట వినడానికి మీరు సిద్ధపడాలి. పరీక్ష మీ పక్షానే తీర్పు చెబుతుందని నేను హామీ ఇవ్వలేను.

50 మీటర్ల గురించి రెండు మాటలు. అది మీరు ఈదగల లోతు కాదు. కదలని నీటిలో అంత లోతున ఉండే పీడనాన్ని ప్రయోగశాలలో వాచీ తట్టుకుందని అర్థం. మామూలు వాచీలకు ఐఎస్ఓ 22810, డైవింగ్ వాచీలకు ఐఎస్ఓ 6425 అని వేర్వేరు అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి, రెండోది చాలా కఠినమైనది. 30 మీటర్లని రాసి ఉన్న వాచీతో వానచినుకులూ చేతులు కడుక్కోవడమూ వరకే ధైర్యం చేయాలి. 50 ఉన్నదాన్ని ఈతకూ అనుమతించే కంపెనీలు చాలా ఉన్నాయి, మీ కంపెనీ ఏమంటోందో కార్డుతో పాటు వచ్చిన చిన్న పుస్తకంలో పట్టిక ఉంటుంది, చూడండి. వేడినీళ్ల స్నానం మాత్రం ఏ అంకె ఉన్నా మంచిది కాదు. వేడికి, సబ్బుకు రబ్బరు పాడవుతుంది, వేడి వాచీ చన్నీళ్లలో పడితే లోపలి గాలి కుంచించుకుని బయటి తేమను లాగుతుంది. మీరు దాంతో స్నానం చేస్తూ వచ్చారో లేదో రాయలేదు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. అడగకపోతే మీరే కారణాలు ఊహించి, ‘బహుశా స్నానం చేసేటప్పుడు పోయాయేమో’ అని మాట జారకండి. ఆ ‘బహుశా’ వాళ్ల రికార్డులోకి ఎక్కేటప్పుడు ఎగిరిపోతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆకర్షించింది ఆవిరి కాదు, ఆ ఆరేడు నిమిషాలు. దాన్ని మీరు పక్కన పెట్టేశారు, సర్వీస్ సెంటర్‌లో చెప్పినట్టు కూడా లేరు. ఆటోమేటిక్ వాచీ రోజుకు కొన్ని సెకన్లు తప్పడం మామూలే. క్రోనోమీటర్, అంటే కచ్చితంగా నడిచే వాచీ, అన్న పేరు కోసం స్విట్జర్లాండ్‌లో పరీక్షకు వెళ్లే యంత్రాలకు సగటున రోజుకు 4 సెకన్లు వెనక్కీ 6 సెకన్లు ముందుకూ ఉండవచ్చని హద్దు. సీకో 4ఆర్36 లాంటి సాధారణ యంత్రానికి కంపెనీయే 35 సెకన్లు వెనక్కీ 45 సెకన్లు ముందుకూ మినహాయింపు ఇచ్చుకుంది. ఆ హద్దుల్లో తప్పే వాచీని వారంటీకి తీసుకెళ్తే, ‘ఇది లోపం కాదు’ అని తిప్పి పంపుతారు, వాళ్లది తప్పు కాదు. మీది నిమిషాల లెక్క, ఏ హద్దులోనూ ఇమడదు.

వాచీ ఉన్నట్టుండి నిమిషాల కొద్దీ ముందుకు పోవడం మొదలుపెడితే నేను మొదట అనుమానించేది అయస్కాంతాన్ని. లోపల బ్యాలెన్స్ చక్రాన్ని అటూ ఇటూ ఊపే వెంట్రుకంత సన్నని చుట్టల స్ప్రింగు ఉంటుంది. అయస్కాంతం సోకితే దాని చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్ప్రింగు పొడవు తగ్గినట్టవుతుంది, చక్రం త్వరత్వరగా ఊగుతుంది. ఫోను స్పీకరు, ట్యాబ్లెట్ కవరు, చేతిసంచి మూసే గుండీ, వీటిలో ఏదైనా చాలు, రాత్రిపూట వాచీని దాని పక్కన పెట్టే అలవాటుంటే మరీను. చిన్న దిక్సూచిని వాచీ మీద మెల్లగా జరిపి చూడండి, ఒకచోట ముల్లు చివుక్కున తిరిగితే అనుమానం బలపడినట్టే. అయస్కాంతం తీసే యంత్రం మీద పెడితే మూత తీయకుండానే కొన్ని సెకన్లలో విడిపోతుంది. ఇది వారంటీ కిందికి రాదు గానీ, అడిగితే చాలామంది ఊరికే చేసిపెడతారు. అలా చేశాక కూడా పరుగు తగ్గకపోతే అది యంత్రపు లోపమో, సర్దుబాటు లోపమో అయి ఉంటుంది. అప్పుడది నికార్సైన వారంటీ ఫిర్యాదు. ఆవిరి పట్టడానికి రెండు నెలలకు పైగా ముందే అది మొదలైంది, కాబట్టి నీళ్లే కారణమని దాన్ని కొట్టిపారేయడం వాళ్లకు అంత సులువు కాదు. రెండు ఫిర్యాదులనూ విడివిడిగా రాయించండి. ఒకటి తిరస్కరించినా రెండోది బతికి ఉంటుంది.

కాగితాల దగ్గరికి వద్దాం. తేదీ లేని వారంటీ కార్డు చూసి నిరాశ పడకండి, దుకాణాల్లో ఈ బద్ధకం కొత్త కాదు. కార్డు తీసుకుని దుకాణానికి వెళ్లండి. వారంటీ మీరు ఇస్తారా, కంపెనీ ఇస్తుందా అన్న వాదన పెట్టుకోకండి. ‘అమ్మిన తేదీ, మీ ముద్ర వేయండి’ అని మాత్రం అడగండి. అది వాళ్లు చేయాల్సిన పని, కాదనడానికి కారణం దొరకదు. బిల్లు మీ అక్కయ్య దగ్గర ఉండాలి. పారేసి ఉంటే ఆమె బ్యాంకు ఖాతాలో ఆ చెల్లింపు కనబడుతుంది, దుకాణం లెక్కల్లోనూ ఉంటుంది, నకలు అడగండి. ఆమెకు తెలిస్తే బాధపడుతుందని మీరు నీళ్లు నములుతున్నట్టుంది, కానీ ఆమెను కదపకుండా ఈ పని కాదు. కొన్ని కంపెనీలు వారంటీని వాచీకి ఇస్తాయి, కొన్ని మొదట కొన్నవారికే ఇస్తాయి. కార్డులో రెండో రకం మాట కనబడితే ఫిర్యాదును ఆమె పేరుతోనే పెట్టండి. వెనక మూత మీదో, పట్టీ తగిలించే కొమ్ముల మధ్యో ఉన్న సీరియల్ నంబరు కార్డు మీది నంబరుతో కలుస్తోందో లేదో కూడా చూసుకోండి.

దుకాణం ఆ కంపెనీకి అధీకృత విక్రేత కాకపోతే మాత్రం కథ వేరు. బయట తక్కువ ధరకు తెచ్చి అమ్మేవారు చాలాసార్లు తమ సొంత వారంటీ ఇస్తారు. అప్పుడు కంపెనీ సర్వీస్ సెంటర్‌తో పోట్లాడి లాభం లేదు, అమ్మినవారినే పట్టుకోవాలి. అధీకృతులైనా సరే, అమ్మినవారు పూర్తిగా చేతులు దులుపుకోలేరు. కంపెనీ కార్డుతో సంబంధం లేకుండా, లోపమున్న సరుకు అమ్మినందుకు అమ్మకందారుకు బాధ్యత పెట్టే వినియోగదారుల చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. మీరున్నచోట అదెంతవరకో కనుక్కుని దాచుకోండి, మొదటి రోజే బయటికి తీయకండి.

గడువు విషయంలో మీకు తొందర లేదు, ఇంకా పది నెలలుంది. ఒమేగా 2018 నవంబరు నుంచి, రోలెక్స్ 2015 జూలై నుంచి అమ్మిన వాచీలకు ఐదేళ్లు ఇస్తున్నాయి, రెండేళ్లన్నది ఇంకా చాలా కంపెనీల రివాజు. ఎంత గడువైనా, దాని లోపల తేదీ వేసిన ఫిర్యాదు ఒకటి ఉండాలి. మీరు మొన్న వెళ్లి వచ్చినదానికి రాతపూర్వక ఆధారం ఆ అంచనా కాగితమే. దాన్ని పారేయకండి.

రేపు వాచీ అప్పగించేటప్పుడు చేయవలసింది ఇది. ముందు ఇంట్లోనే పగటి వెలుతురులో ఫోటోలు తీయండి: ఎదుటి వైపు, వెనక మూత, కీ ఉన్న పక్క, దాని ఎదురు పక్క, లోపలి ఆవిరి ఇంకా కనబడుతుంటే అది కూడా. తోలు పట్టీ అయితే ఊడదీసి ఇంట్లో పెట్టుకోండి. అక్కడ వాళ్లు ఒక చీటీ రాస్తారు. అందులో ‘వాచీ పరిస్థితి’ అన్న గడి ఉంటుంది, చాలామంది గుమస్తాలు వాచీ చూడకుండానే ‘గీతలు ఉన్నాయి’ అని రాసేస్తారు. గీతలు లేకపోతే కొట్టివేయించండి, ఉంటే ఎక్కడ ఉన్నాయో రాయించండి. ‘ఫిర్యాదు’ గడిలో ‘నీళ్లు పోయాయి’ అని రాయనివ్వకండి. ‘అద్దం లోపల ఆవిరి. రోజుకు ఆరేడు నిమిషాలు ముందుకు. మూత తీయకముందు పీడన పరీక్ష చేసి ఫలితం ఇవ్వాలి’ అని మీ మాటల్లో రాయించండి. ‘అడగకుండా పాలిష్ చేయవద్దు’ అని కూడా చేర్చండి. ఇది చాలామందికి తట్టదు. కొందరు ఉచిత సేవ అనుకుని అంచులన్నీ అరగదీసి తళతళలాడించి ఇస్తారు, అరిగిన లోహం తిరిగి రాదు. మార్చిన పాత భాగాలు వెనక్కి ఇమ్మని అడగండి, కొన్ని కంపెనీలు ఇవ్వవు, అడగడంలో తప్పులేదు.

కౌంటర్‌లోనే ‘ఇది వారంటీలో తీసుకోం’ అని మళ్లీ అంటే గొంతు పెంచకండి. తిరస్కరణకు కారణమేమిటో రాసి సంతకం చేసి ఇవ్వమనండి. నోటిమాటగా కాదనడం ఎవరికైనా తేలిక, కాగితం మీద రాయాలంటే పైవాళ్లను అడగాల్సి వస్తుంది. చాలాసార్లు మలుపు అక్కడే తిరుగుతుంది. ఇవ్వకపోతే అదే రోజు కంపెనీ వినియోగదారుల విభాగానికి ఈమెయిల్ పంపండి. పొడవు వద్దు, కోపం వద్దు. ఈ పాటి చాలు:

‘ఫలానా తేదీన కొన్న, ఫలానా సీరియల్ నంబరు గల వాచీని మీ సర్వీస్ సెంటర్‌లో చూపించాను. పరీక్ష చేయకుండానే వారంటీ వర్తించదని చెప్పారు. వాచీకి దెబ్బ తగలలేదు, మూత ఎవరూ తీయలేదు, ఫోటోలు జతచేశాను. మూత తీయకముందు పీడన పరీక్ష చేయించి ఫలితాన్ని, నీరు చేరిన కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాను. ఆవిరికి రెండు నెలలకు పైగా ముందునుంచే వాచీ ముందుకు నడుస్తోంది, దానిని విడి ఫిర్యాదుగా నమోదు చేయగలరు.’

దీంతో ఎక్కువసార్లు జరిగేది సంపూర్ణ విజయం కాదు, బేరం. ‘ఈసారికి సగం ఖర్చు మేం భరిస్తాం’ అంటారు. పరీక్షలో వాచీ ఫెయిల్ అయిందని కాగితం చేతిలో ఉంటే ఒప్పుకోకండి, పూర్తిగా ఉచితంగా చేయమనండి. పాస్ అయితే, లేదా పరీక్ష చేసే యోగం లేకపోతే, ఆ సగం బేరం నా లెక్కలో మంచిదే, తీసుకోండి. అంచనాలో ఏమేమి కలిపారో మాత్రం విడదీయించండి. వాషర్లు మార్చడం ఒకటి, యంత్రం విప్పి కడిగి నూనె వేయడం ఒకటి, డయల్, ముళ్ళు మార్చడం ఒకటి. డయల్ మీద మరక పడకపోతే మూడోది ఎందుకని అడగండి. నీరు దిగిన వాచీకి యంత్రం విప్పి కడగకుండా వాషరు మాత్రం మారుస్తామంటే ఎవరన్నా సరే ఒప్పుకోకండి, లోపల మిగిలిన తడి ఆరు నెలల్లో మళ్లీ మిమ్మల్ని అదే కౌంటర్ ముందు నిలబెడుతుంది.

చివరిగా, డబ్బు కట్టి చేయించుకున్నా, ఉచితంగా చేయించుకున్నా, ఆ పనికి విడిగా గ్యారంటీ ఉంటుంది. కొన్ని కంపెనీలు ఏడాది, కొన్ని రెండేళ్లు ఇస్తాయి. బిల్లు మీద ఆ గడువును, నీటి పరీక్ష నెగ్గినట్టు ఒక వాక్యాన్ని, ఈసారి తేదీతో సహా రాయించుకుని వాచీ తీసుకోండి.